ఎదురింటి ఏబీసీడీలు

ఎదురింటి పిల్లాడు వంద నుంచి ఒకటి దాకా వెనక్కి చెప్పిన వీడియోని నేను పదకొండు సార్లు చూశాను. మెచ్చుకోవడానికి కాదు, ఎక్కడైనా కత్తిరించి అతికించారేమో పట్టుకుందామని. ఆఫీసు క్యాబ్‌లో వెనక సీట్లో కూర్చుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, సౌండు పూర్తిగా పెంచి, వాళ్ళమ్మ పక్క నుంచి గుసగుసగా అందిస్తోందేమోనని వెతికాను. అరవై మూడు దగ్గర వాడు ఒక్క క్షణం ఆగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. వాడు మోచేత్తో ముక్కు తుడుచుకుని, అరవై రెండు అన్నాడు.

వాడి వయసు మూడేళ్ళ ఏడు నెలలు. మా పాపకంటే పదిహేను రోజులు చిన్న.

ఆ వీడియో వచ్చింది మా ప్లేస్కూల్ అమ్మల వాట్సాప్ గ్రూపులో. సాయంత్రం ఏడు లోపల పిల్లలు ఇంట్లో ఏం నేర్చుకున్నారో వీడియో పెట్టాలి. మిగతా అమ్మలందరూ చప్పట్ల బొమ్మలు పెట్టాలి. ఎవరూ రూలు పెట్టలేదు, కానీ పెట్టకపోతే మర్నాడు గేటు దగ్గర తెలిసిపోతుంది. నేను వాడికి మూడు చప్పట్లు పెట్టాను. రెండు పెడితే కుళ్ళుకుంటున్నానని వాళ్ళమ్మ అనుకుంటుంది. నాలుగు పెడితే నిజంగానే సంతోషించానని అనుకుంటుంది.

నేను పుట్టింది, పెరిగింది పురసవాక్కంలో. మా ముత్తాతల కాలం నుంచీ మేం మద్రాసు తెలుగువాళ్ళమే. పెళ్ళయ్యాక నా ఆఫీసుకీ మా ఆయన ఆఫీసుకీ మధ్యలో ఉంటుందని మద్రాసుకి ఇంకో చివర ఉన్న షోళింగనల్లూరులో ఫ్లాటు తీసుకున్నాం. నాలుగో అంతస్తు. మా తలుపు తీస్తే సరిగ్గా ఎదురుగా వాళ్ళ తలుపు. రెండేళ్ళ కిందట విజయవాడ నుంచి వచ్చారు వాళ్ళు. ఆమె అక్కడ ఏదో కాలేజీలో లెక్కలు చెప్పేదట. ఇప్పుడు మానేసి ఇంట్లో వాడొక్కడికే చెబుతోంది. నాకంటే రెండేళ్ళు పెద్ద, అందుకని నేను అక్కా అంటాను. ఆమె నన్ను మీరు, అండీ అంటుంది. ఆ అండీలో నాకెప్పుడూ ఏదో గుచ్చుకుంటుంది.

"మీ పాప తెలుగు ఎంత ముద్దుగా ఉంటుందో అండీ," అందొకసారి లిఫ్టులో. "సగం తమిళమే అయినా వినబుద్ధవుతుంది."

"మీవాడిది అచ్చం న్యూస్ చదివినట్టే ఉంటాది అక్కా," అన్నాను. ఆమె దాన్ని మెచ్చుకోలుగా తీసుకుంది. నాకు ఇంకా మండింది.

ప్లేస్కూల్ మా వీధి చివర్లోనే. ఒక మామూలు ఇల్లు, గోడ మీద జిరాఫీ బొమ్మ. జనవరిలో పేరెంట్స్ మీటింగులో మా చేతికి ఒక కాగితం ఇచ్చారు. సంవత్సరం అయ్యేలోపు బిడ్డకి ఏమేం రావాలో దానిమీద ఉంది. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, వాటి శబ్దాలు. ఒకటి నుంచి యాభై దాకా రాయడం, వంద దాకా చెప్పడం. ఇరవై పాటలు. వారాలు, నెలలు, ఆకారాలు. గీత దాటకుండా రంగు వేయడం. పెన్సిల్ మూడు వేళ్ళతో పట్టుకోవడం. నేను దాన్ని ఫోటో తీసి మా ఆయనకి పంపాను. "ఇందులో సగం నాకే రాదు," అని జవాబిచ్చాడు.

ఆ రోజుకి మా పాపకి వచ్చినవి: నా ఫోన్ లాక్ తీయడం, యాడ్ వస్తే స్కిప్ నొక్కడం, దోసె వాసనని బట్టి నెయ్యి వేశారో నూనె వేశారో చెప్పడం. పెన్సిల్ ఇస్తే డ్రమ్ము కొట్టేది.

అంతవరకూ అయితే ఊరుకుందును. కానీ సిగ్నల్ దాటాక ఒక పెద్ద స్కూలుంది. ఎల్‌కేజీలో చేరితే పన్నెండో క్లాసు దాకా ఇంక వెతుక్కోనక్కర్లేదు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో అందరికీ ఆ సీటే కావాలి. నాకూ అదే కావాలి. దానికి పిల్లల్ని పిలిచి మాట్లాడతారు. ఇంటర్వ్యూ అనరు, ఇంటరాక్షన్ అంటారు.

"మావాడికి పద్నాలుగో తారీఖు ఇచ్చారండీ," అంది ఎదురింటావిడ, చెప్పుల స్టాండు దగ్గర. "మీకూ?"

"మాకూ ఆ పొద్దే అక్కా."

"అబ్బ, భలే. పాప ప్రిపేర్ అవుతోందా?"

"ఏం ప్రిపేరు అక్కా. దానికన్నీ తెలుసు."

లోపలికొచ్చి తలుపేసి, దానికి ఏమేం తెలుసో చూద్దామని కూర్చోబెట్టాను. ఏ అక్షరం చూపించినా "బల్బు" అంది. ఆ అపార్ట్‌మెంట్‌లో నా అరుపు మూడో అంతస్తు దాకా వినబడి ఉంటుంది.

రెండు రోజుల తర్వాత ఆమె ఇచ్చిన గోంగూర పచ్చడి డబ్బా తిరిగివ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె పొయ్యి మీద పాలు పెట్టి, "కూర్చోండి, కాఫీ తాగి వెళ్దురు," అని వంటింట్లోకి వెళ్ళింది. డైనింగ్ టేబుల్ మీద అట్టల కట్ట ఉంది. పాత శుభలేఖల్ని సమానంగా కత్తిరించి, వెనక తెల్లటి వైపు తనే అక్షరాలు రాసి, బొమ్మలు అతికించింది. కొట్లో దొరికేవాటిలో ఉన్నట్టు యాపిల్, బాల్ కాదు. ఏ ఫర్ అమ్మ, ఆమె ఫోటో. బీ ఫర్ బాబాయి, కోటు వేసుకున్న ఆమె మరిది ఫోటో. సీ ఫర్ సైకిల్. డీ ఫర్ దోసె. జీ ఫర్ గోంగూర. పిల్లాడు రోజూ చూసేవే, తినేవే. చూడగానే అర్థమైంది, ఇది తెలివైన పని. ఇలాంటిది నాకెందుకు తట్టలేదు?

పాలు పొంగేలోపు ఇరవై ఆరు ఫోటోలు తీశాను.

టేబుల్ కింద కారు తోసుకుంటున్న పిల్లాడు తల పైకెత్తాడు. "ఆంటీ, అవి నావి."

"తెలుసు నాన్నా. చుమ్మా చూస్తాండా."

"చుమ్మా అంటే?"

"ఊరికే," అన్నాను. వాడు మళ్ళీ కారు తోసుకున్నాడు. కాఫీ చాలా బాగుంది. అది కూడా నాకు నచ్చలేదు.

ఆ సాయంత్రం నుంచి మొదలుపెట్టాం. అట్టలు చేసే ఓపిక నాకెక్కడిది? ఫోన్ గ్యాలరీలో ఆ ఇరవై ఆరు ఫోటోలు వరసగా ఉన్నాయి. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక్కోటి చూపించడం, తను వేలితో పక్కకి తోయడం, తర్వాతది రావడం. ఫోన్ అంటే దానికి ప్రాణం కాబట్టి కదలకుండా కూర్చుంది. ఎనిమిది రోజుల్లో ఏ నుంచి జెడ్ దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

మా ఆయన సోఫాలోంచి అడిగాడు. "ఆ బాబాయి ఎవురే?"

"ఎవురైతే ఏం? నువ్వు చుమ్మా ఉండు."

"ఎదురింటాయన తమ్ముడు కదా. మొన్న లిఫ్టులో చూసినా. మన బిడ్డ ఆయన్ని బాబాయంటే ఎట్ట?"

"సీటొచ్చినాక పెదనాయన అనిపిస్తా. ఇప్పుడు నీ ఫోన్ తియ్యి, వీడియో తీయల్ల."

నా ఫోన్‌లో ఫోటోలు తోస్తూ, మా ఆయన ఫోన్‌తో పాప మొహం ఒక్కటే కనిపించేట్టు తీయించాను. బాబాయి దొరికిపోతాడని మొదటి మూడూ కత్తిరించేశాను. డీ ఫర్ దోసె నుంచి మొదలు. సరిగ్గా ఆరు యాభై ఐదుకి గ్రూపులో పెట్టాను. ఏడున్నరకి చప్పట్లు లెక్కపెడితే, పిల్లాడి వంద వీడియోకి వచ్చినవాటికంటే ఎక్కువ. ఫోన్‌ని గుండెల మీద పెట్టుకుని కాసేపు అలాగే పడుకున్నాను.

తర్వాత ఎదురింటావిడ మెసేజ్ వచ్చింది. "పాపకి విజయవాడ కూడా తెలుసే! సూపర్." ఒకే ఒక్క చప్పట్ల బొమ్మ.

వీడియో మళ్ళీ పెట్టి విన్నాను. మా పాప, జన్మలో గూడూరు దాటని మా పాప, చాలా స్పష్టంగా "వీ ఫర్ విజయవాడ" అంటోంది. అంతకుముందు జీ ఫర్ గోంగూర కూడా అంది. ఆమెకి తెలిసిపోయింది. మర్నాడు పొద్దున తలుపు తీస్తే ఏదో అంటుందని, నేనూ నాలుగు అనడానికి మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆమె నవ్వి, "పాల ప్యాకెట్లు మీవి కూడా తీసి పక్కన పెట్టానండీ," అంది. అంతే. గొడవ పెట్టుకుంటే నా కోపానికి ఒక దారి దొరికేది. ఆమె దాన్నీ దొరకనివ్వలేదు.

పద్నాలుగో తారీఖు వచ్చింది. స్కూలు హాల్లో ప్లాస్టిక్ కుర్చీల మీద ఇరవై మంది పిల్లలు, వాళ్ళ చెవుల్లో ఆఖరి నిమిషంలో కూడా ఏదో చెబుతున్న అమ్మలు. ఎదురింటావిడ మాత్రం ఏమీ చెప్పడం లేదు. పిల్లాడు ఆమె చున్నీ కొసని నములుతున్నాడు. వాళ్ళని ముందు పిలిచారు. పది నిమిషాలకి బయటికొచ్చారు. వాడి చేతిలో ఎర్ర బెలూన్.

ఆమె మొహంలోంచి ఏమైనా తెలుస్తుందేమోనని చూశాను. ఏమీ తెలియలేదు. "ఆల్ ద బెస్ట్ అండీ," అంది.

లోపల ప్రిన్సిపల్ పెద్దావిడ, తమిళావిడ. కళ్ళజోడుకి గొలుసు. మా పాపని చూసి, "వా చెల్లం," అని ముద్దుగా రమ్మని పిలిచి చిన్న కుర్చీ చూపించింది. నన్నూ మా ఆయన్నీ గోడ దగ్గర కూర్చోమంది. బల్ల మీద నుంచి ఒక అట్ట తీసింది. దానిమీద చేప బొమ్మ.

"వాట్ ఈజ్ దిస్, మా?"

మా పాప అట్టని చూసింది. చెయ్యి చాచి, అట్ట మీద వేలు పెట్టి, ఎడమకి తోసింది. అట్ట కదల్లేదు. ఇంకోసారి తోసింది. తర్వాత నావైపు తిరిగి చూసింది. నేను కళ్ళతోనే చెప్పు, చెప్పు అన్నాను.

"ఏ ఫర్ అమ్మ," అంది.

ప్రిన్సిపల్ నవ్వింది. గొడుగు చూపించింది.

"బీ ఫర్ బాబాయి."

ఏనుగు చూపించింది.

"సీ ఫర్ సైకిల్."

ప్రిన్సిపల్ అట్టలు చూపించడం ఆపేసింది. మా పాప ఆపలేదు. దోసె, ఈగ, ఫ్యాను, గోంగూర... కిటికీ బయట చూడకుండానే స్టాపులన్నీ అరిచే కండక్టర్లా వెళ్ళిపోతోంది. వేలు మాత్రం ప్రతిదానికీ గాల్లో ఎడమకి కదులుతోంది. అప్పుడు తెలిసింది నాకు. ఎనిమిది రోజులూ అది ఒక్క అక్షరం కూడా చూడలేదు. ఏ ఫోటో తర్వాత ఏ ఫోటో వస్తుందో, అదొక్కటే నేర్చుకుంది. నేర్పించింది నేనే. ప్రిన్సిపల్ ఓపిగ్గా జెడ్ దాకా విని, పలక మీద డీ అని పెద్దగా రాసి, "అండ్ దిస్ వన్?" అంది.

"అయిపొయ్యె," అంది మా పాప.

"షీ హ్యాజ్ వెరీ గుడ్ మెమరీ, మా," అంది ఆవిడ నాతో. నేను కస్టమర్ సపోర్ట్‌లో పని చేస్తాను. కాదని చెప్పడానికి వాడే మంచి మాటలన్నీ నాకు తెలుసు.

బండి దగ్గరికి వచ్చేదాకా ఆగాను. తర్వాత ఆగలేదు.

"కండ్లు లేవా నీకు? చేప కనపడలా?"

"కనపడింది."

"కనపడితే చేప అని చెప్పేదానికేం?"

"నువ్వు ఎప్పుడూ చేప అడగవు కదమ్మా," అంది. తర్వాత ఇంకా చిన్నగా, "ఆ అట్ట జరగలా. నీ ఫోన్ ఇచ్చుంటే జరుగును."

"విడువే, చిన్నబిడ్డ," అన్నాడు మా ఆయన.

నేను విడవలేదు. అరుస్తూనే ఉన్నాను. హెల్మెట్లు పెట్టుకుంటున్న వాళ్ళు ఆగి చూశారు. పాప కింది పెదవి వణికింది. కానీ ఏడుపు మొదలైంది నా అరుపులకి కాదు. గేటు దగ్గర ఆటో ఎక్కుతున్న ఎదురింటి పిల్లాడి చేతిలో బెలూన్ చూసి.

"వాడికి ఇచ్చినారు! నాకు ఇయ్యలా! వాడికెందుకు ఇచ్చినారు?"

ఎదురింటావిడకి వినబడింది. "ఇచ్చేయరా నాన్నా, పాప ఏడుస్తోంది," అంది. వాడు బెలూన్‌ని వీపు వెనక దాచుకున్నాడు. మా పాప రోడ్డు మీద కూర్చుని కాళ్ళు కొట్టుకుంది. అది ఎవరి బిడ్డ అని ఎవరూ అడగక్కర్లేదు. అచ్చం నేనే.

ఆ ఆదివారం పురసవాక్కం వెళ్ళాం. జరిగిందంతా మా అమ్మకి చెప్పాను, ఎదురింటావిడ అట్టల వల్లే ఇలా అయిందన్నట్టు.

"ఆ యమ్మ నిన్ను పిలిచి ఇచ్చిందా?" అంది అమ్మ, మునక్కాయలు కోస్తూ. "దొంగతనంగా తెచ్చుకునింది కాక, మళ్ళీ ఆమెనే తిడతాండావు."

"నువ్వు ఎవురి పక్కమా?"

"నేను నా మనవరాలి పక్క. మూడున్నరేండ్ల బిడ్డకి ఏంటికే ఇంత? నన్ను ఇస్కూల్లో ఏసేటప్పుడు ఏం అడిగినారో తెలుసా? ఏమీ అడగలా. కుడిచెయ్యి నెత్తిమీద నుంచి ఏసి, ఎడంచెవి పట్టుకో అన్నారు. అందితే వయసొచ్చినట్టు. అందకపోతే వచ్చే ఏడు రా అన్నారు. అంతే పరీక్ష."

అమ్మ కత్తిపీట పక్కన పెట్టి పాపని పిలిచింది. "ఈడ రా తల్లీ. చెయ్యి ఇట్ట ఎయ్యి." పాప చెయ్యి తల మీద నుంచి వేసింది. వేళ్ళు జుట్టు దాకా వచ్చి ఆగిపోయాయి. చెవి అందడానికి ఇంకా రెండు వేళ్ళ దూరం ఉంది. తల వంచి, మెడ తిప్పి, నాలుక బయటపెట్టి ఎంతో ప్రయత్నించింది.

"ఇంకా లేదు," అంది అమ్మ. "పొయ్యి ఆడుకో."

పాప పరిగెత్తింది. నాకు ఒక్క నిమిషం అమ్మ మీద కూడా అసూయ కలిగింది. అంత తేలికైన పరీక్ష రాసి బతికేసింది.

రిజల్టు మెసేజ్ ఆఫీసులో ఉండగా వచ్చింది. వెయిటింగ్ లిస్ట్. నంబరు కూడా వేయలేదు. వెంటనే ఎదురింటావిడ స్టేటస్ చూడాలనిపించింది. నేను చూస్తే చూశానని ఆమెకి తెలుస్తుంది. అందుకని ఇంటికెళ్ళేదాకా ఓర్చుకుని, మా ఆయన ఫోన్‌లో చూశాను. పిల్లాడు బొటనవేలు పైకెత్తి నవ్వుతున్నాడు. కింద స్కూలు పేరు, రెండు పూలు. సీటొచ్చింది.

గంటకి ఆమే వచ్చింది, ప్లేట్లో పూతరేకులు పెట్టుకుని.

"మీకు మెసేజ్ వచ్చిందా అండీ?"

"వెయిటింగ్‌లో ఉండాది అక్కా."

"వచ్చేస్తుంది లెండి." ప్లేటు నా చేతికిచ్చింది. "మీకో సంగతి చెప్పనా? మావాడు లోపల ఒక్కటీ చెప్పలేదు. నాలుగు నెలలు చెప్పానండీ వీడికి, గొంతు పోయేలా. ఏ చూపిస్తే పైకప్పు వైపు చూస్తాడు. వంద అడిగితే చున్నీ నములుతాడు. ఆఖరికి మేడమ్ గారి బల్ల మీద బెలూన్ చూసి, 'ఇది మీరే ఊదారా? మీకు బుగ్గలు నొప్పి పుట్టలేదా?' అన్నాడు. ఆవిడ పడీ పడీ నవ్వింది. నాకేమో తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి నాలుగు వాయించాను కూడా, పాపం."

నేను నవ్వాను. లోపల మాత్రం మంట రెండింతలైంది. వాడు వంద నుంచి ఒకటి దాకా వెనక్కి చెప్పి ఆ సీటు తన్నుకుపోయి ఉంటే, నేనూ రేపట్నుంచి మా పాపకి వెనక్కి చెప్పడం నేర్పుదును. బుగ్గల నొప్పి గురించి అడగడం ఎలా నేర్పాలి? దాన్ని ఏ అట్ట మీద నుంచి ఫోటో తీసుకోవాలి?

"మీ పాప ఇరవై ఆరూ చెప్పిందట కదండీ," అంది ఆమె, వెళ్ళబోతూ. "మీవారు చెప్పారు లిఫ్టులో. విజయవాడతో సహా."

"విజయవాడతో సహా," అన్నాను.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటోంది. ఆమె వెళ్ళగానే తలుపేశాను. పూతరేకులు నాలుగు ఉంటే మూడు నేనే తినేశాను.

వెయిటింగ్ లిస్ట్ జూన్ దాకా కదల్లేదు. మా పాప ఆ జిరాఫీ గోడ స్కూల్లోనే ఎల్‌కేజీకి వెళ్తోంది. మొదటి రోజు పొద్దున ఎదురింటి తలుపు తెరుచుకుంది. పిల్లాడు నీలం నిక్కరు, తెల్ల చొక్కా, మెడలో టై. బూట్లు మెరిసిపోతున్నాయి.

"మీ ఫోన్లో ఫోటోలు బాగా వస్తాయి కదండీ, ఒకటి తీస్తారా?" అంది ఆమె.

తీశాను. మా పాప కూడా పసుపు టీషర్టులో బయటికొచ్చి, "నన్నూ తియ్యి," అంటే ఆమె దాన్ని చెయ్యి పట్టి లాక్కుని తన ముందు నిలబెట్టుకుంది. ముగ్గురూ నవ్వారు. వరసగా తొమ్మిది తీశాను.

వాళ్ళు లిఫ్టు ఎక్కాక మెట్ల దగ్గరే నిలబడి అన్నీ చూశాను. ఎనిమిదింటిలో ఆమె చక్కగా ఉంది. ఒకదాంట్లో రెండు కళ్ళూ మూసుకుని, నోరు వంకరగా ఉంది. పిల్లాడు పక్కకి తిరిగిపోయి ఉన్నాడు. మా పాప మాత్రం అందులోనే అన్నిటికంటే బాగుంది. దాన్నే పంపాను.

కింద నుంచి మెసేజ్ వచ్చింది. "ఇంకోటి ఏదైనా ఉందా అండీ?"

"అదొక్కటే బాగొచ్చింది అక్కా," అని టైప్ చేసి, ఒక చప్పట్ల బొమ్మ పెట్టాను.